పేరు లేని డిటెక్టివ్

1951 జూలై 9. న్యూయార్క్ ఫోలీ స్క్వేర్‌లోని ఫెడరల్ కోర్టు. సాక్షి కుర్చీలో ఆరడుగులు దాటిన సన్నటి మనిషి. వయసు 57. తల నెరిసి వెండి రంగు తిరిగింది. బట్టల ఇస్త్రీ నలగలేదు. ప్రభుత్వ న్యాయవాది ఇర్వింగ్ సేపాల్ ఒక మినిట్స్ పుస్తకం తెరిచి అతని ముందు పెట్టాడు. కాగితం మీద 'డి.హెచ్.' అని పొడి అక్షరాలున్నాయి. ఇవి మీరు పెట్టినవేనా అని అడిగాడు.

జవాబు చెప్పను అన్నాడు ఆ మనిషి. చెబితే నా మీదకే రావచ్చు, కనుక చెప్పను.

ఈ నిధికి మీరు ట్రస్టీ కదా? చెప్పను. పారిపోయిన ఆ నలుగురూ ఎక్కడున్నారు? చెప్పను. నిధికి డబ్బిచ్చినవాళ్ల పేర్లేమిటి? చెప్పను. గొంతు పెంచలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. పొద్దు గుంకేలోపు జడ్జి సిల్వెస్టర్ రయన్ కోర్టు ధిక్కారం కింద ఆరు నెలల శిక్ష వేశాడు. చేతులకు బేడీలు పడ్డాయి.

ఆ చేతులే ఒకప్పుడు ఇతరుల జేబుల్లోంచి, ఇళ్లలోంచి, మనసుల్లోంచి రహస్యాలు బయటికి లాగి వారం వారం జీతం తీసుకున్నాయి. ఆ తరువాత అదే పనిని కథగా రాసి అమెరికన్ అపరాధ పరిశోధన నవల రూపురేఖలే మార్చేశాయి. అతని పేరు డషీల్ హామెట్.

పేరు దగ్గర ఒక్క మాట. చాలామంది 'డాషియల్' అంటారు. అది తల్లి పుట్టింటివారి ఇంటిపేరు, ఫ్రాన్సు మూలం ఉన్నది. 'షీ' మీద ఒత్తు పెట్టి పలకాలి. బడిలో, సైన్యంలో, డిటెక్టివ్ ఏజెన్సీలో అతను శామ్యూల్, లేదా ఉత్త శామ్. పుస్తకాల అట్ట మీద మాత్రమే డషీల్. ఇతని కథలో పేర్ల సంగతి మళ్లీ మళ్లీ వస్తుంది గనుక ముందే చెప్పి ఉంచుతున్నాను.

ఈ ధారావాహికలో ఇప్పటిదాకా మనం తిరిగిన ఇళ్లు వేరు. బేకర్ స్ట్రీట్‌లో పొగ నిండిన గది, ఇంగ్లండు పల్లెల్లో పచ్చిక మధ్య బంగళాలు, టీ వేళకు గ్రంథాలయంలో దొరికే శవం. డిటెక్టివ్ అనగానే మనకు హోమ్సో, మన కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధరో గుర్తొస్తారు. తెలివితేటలు, మంచి బట్టలు, పక్కన నమ్మకమైన సహాయకుడు. ఇక నుంచి రెండు మూడు సంచికలు అమెరికా వీధుల్లో నడవాలి. ఇక్కడి డిటెక్టివ్ జీతగాడు. బొజ్జ ఉంది, నలభై దాటింది, ఖర్చుల బిల్లు పెట్టుకుంటాడు. అతనికి పేరు కూడా లేదు.

హామెట్ 1894 మే 27న మేరీలాండ్ రాష్ట్రంలో, సెయింట్ మేరీస్ కౌంటీలో తాతగారి పొగాకు పొలంలో పుట్టాడు. పెరిగింది ఫిలడెల్ఫియా, బాల్టిమోర్ నగరాల్లో. తండ్రికి ఏ పనీ కలిసిరాలేదు. పద్నాలుగో ఏట బాల్టిమోర్ పాలిటెక్నిక్‌లో చేరిన కొడుకు, తొలి సంవత్సరమైనా పూర్తికాకుండా మానేసి సంపాదనలో పడ్డాడు. రైల్వే ఆఫీసులో కుర్రాడుగా, ఇంకా ఏవేవో చిల్లర పనుల్లో, ఒక్కచోటా కుదురుగా నిలవలేదు. 1915లో పింకర్టన్ డిటెక్టివ్ ఏజెన్సీ బాల్టిమోర్ శాఖలో చేరాడు. ఆ ఆఫీసు ఉన్న భవనం పేరు కాంటినెంటల్ బిల్డింగ్. ఈ పేరు కొంచెం గుర్తుంచుకోండి.

పింకర్టన్ అంటే ఏమిటో తెలియకపోతే హామెట్ అర్థం కాడు. స్కాట్లండ్ నుంచి వలస వచ్చిన ఆలన్ పింకర్టన్ 1850 ప్రాంతంలో షికాగోలో పెట్టిన ప్రైవేటు సంస్థ అది. తెరిచిన కన్ను బొమ్మ, 'మేం నిద్రపోము' అన్న నినాదం దాని గుర్తు. రైలు దొంగల్ని, బ్యాంకు దోపిడీగాళ్లని పట్టి పేరు తెచ్చుకుంది. పోలీసులు ఊరి పొలిమేర దాటలేని కాలంలో దేశమంతా తిరగగలిగింది. అయితే కార్మికుల ఇళ్లలో పింకర్టన్ అన్న మాట తిట్టు. సమ్మెలు విరగ్గొట్టడానికి యజమానులు డబ్బిచ్చి పిలిపించేది వీళ్లనే. 1892లో పెన్సిల్వేనియాలోని హోమ్‌స్టెడ్ ఉక్కు కర్మాగారంలో సమ్మె జరిగినప్పుడు కంపెనీ తరఫున పడవల మీద వచ్చిన పింకర్టన్ మనుషులకూ కార్మికులకూ తుపాకుల యుద్ధమే జరిగింది. రెండు వైపులా మనుషులు చచ్చారు.

అలాంటి సంస్థలో ఇరవయ్యొక్కేళ్ల హామెట్ పని నేర్చుకున్నాడు. నేర్పినవాడు జేమ్స్ రైట్ అనే పొట్టి, లావుపాటి సీనియర్ అని హామెట్ చెప్పుకునేవాడు. మనిషి వెనక నడవడం అందులో మొదటి పాఠం. ఆరడుగుల మనిషి ఎవరి కంటా పడకుండా ఎలా నడుస్తాడని అనుమానం రావచ్చు. మొహం చూడకూడదు, నడక చూడాలి, భుజాల వాలు చూడాలి, కోటు వేలాడే తీరు చూడాలి అన్నది అతను తరువాత చెప్పిన కిటుకు. వెనకనుంచి చూసి గుర్తుపట్టగలిగితే మొహంతో పనేముంది! రోజు గడవగానే రిపోర్టు రాయాలి. ఎన్ని గంటలకు ఎక్కడికి వెళ్లాడు, ఎవరితో మాట్లాడాడు, ఏం తిన్నాడు. అతను ఏమనుకున్నాడో, నువ్వేమనుకున్నావో ఆ రిపోర్టులో అక్కర్లేదు. చూసింది, విన్నది, అంతే. ఏ కాలేజీలోనూ దొరకని రచనా శిక్షణ అతనికి ఇక్కడ దొరికిందని నాకనిపిస్తుంది.

ఆ ఉద్యోగం జ్ఞాపకాలను 1923లో 'ద స్మార్ట్ సెట్' పత్రికకు చిన్న చిన్న తునకలుగా రాసి ఇచ్చాడు. అవి చదివితే డిటెక్టివ్ వృత్తి మీద మనకున్న భ్రమలన్నీ ఎగిరిపోతాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం తాను వెంటాడుతున్న ఆసామి షికారుకని ఊరి బయటికి వెళ్లి దారి తప్పాడట. చివరికి వెనక వస్తున్న డిటెక్టివే అతనికి ఊళ్లోకి దారి చూపించాల్సి వచ్చిందట. తిరనాళ్లలో తిరిగే జెయింట్ వీల్‌ను దొంగిలించిన ఘనుడొకడు తనకు తెలుసునని ఇంకొకచోట రాశాడు. అంత పెద్ద చక్రాన్ని ఎలా ఎత్తుకుపోయాడో, ఎక్కడ దాచాడో చెప్పలేదు. చెప్పకుండా వదిలేయడంలో రుచి అతనికి అప్పటికే పట్టుబడింది.

ఇక్కడ ఒక చీకటి ఘట్టం ఉంది. 1917లో మోంటానా రాష్ట్రం బ్యూట్ పట్నంలో రాగి గనుల కార్మికులు సమ్మెలో ఉన్నారు. ఆ జూన్‌లోనే స్పెక్యులేటర్ గనిలో మంటలు లేచి 168 మంది చనిపోయారు. సమ్మెకు ఊపిరి పోయడానికి వచ్చిన ఫ్రాంక్ లిటిల్ అనే కార్మిక నాయకుణ్ని ఆగస్టు 1 తెల్లవారుజామున ముసుగు మనుషులు అద్దె గదిలోంచి లాక్కుపోయి రైలు వంతెనకు ఉరితీశారు. హంతకులెవరో ఇప్పటికీ తేలలేదు. ఆ లిటిల్‌ను చంపితే 5,000 డాలర్లిస్తామని కంపెనీ మనిషి ఒకడు తనతో బేరమాడాడని హామెట్ చెప్పేవాడట. చెప్పేవాడట అని ఎందుకంటున్నానంటే, మనకు ఈ మాట చెప్పింది అతని జీవిత సహచరి లిలియన్ హెల్‌మన్. ఆమె జ్ఞాపకాలను కోర్టు సాక్ష్యంలా తీసుకోవడం ప్రమాదం. రచయిత్రి మేరీ మెక్‌కార్తీ టెలివిజన్‌లో ఆమెను పచ్చి అబద్ధాలకోరు అన్నంత పని చేస్తే, హెల్‌మన్ 22.5 లక్షల డాలర్లకు దావా వేసింది. ఆ వేళ హామెట్ బ్యూట్‌లో ఉన్నాడనడానికి కాగితం ఆధారం లేదు. అతని డిటెక్టివే ఈ కేసు చూస్తే ఒక్క సాక్షి, అదీ విన్న మాట అని పక్కన పెట్టేస్తాడు. కానీ బ్యూట్ అతని మనసులో ముల్లులా దిగిందన్నది నిజం. తొలి నవలలో ఆ ఊరు వేషం మార్చుకుని వస్తుంది.

1918లో సైన్యంలో చేరి మేరీలాండ్‌లోనే క్యాంప్ మీడ్‌లో అంబులెన్సు దళంలో ఉన్నాడు. సముద్రం దాటలేదు. దాటకుండానే యుద్ధం అతన్ని కొట్టింది. ఆ ఏడాది ప్రపంచాన్ని ఊడ్చేసిన స్పానిష్ ఫ్లూ అతనికీ సోకింది. జ్వరం తగ్గింది, క్షయ బయటపడింది. ఇక జీవితాంతం ఊపిరితిత్తుల కోసం ఆసుపత్రులు తిరగడమే. 1920లో పశ్చిమాన వాషింగ్టన్ రాష్ట్రం వెళ్లి స్పోకేన్‌లో మళ్లీ పింకర్టన్ పని చేశాడు, మళ్లీ మంచం పట్టాడు. టకోమా దగ్గరి ఆసుపత్రిలో నర్సుగా ఉన్న జోసఫీన్ డోలన్‌తో పరిచయమై, 1921 జూలైలో శాన్‌ఫ్రాన్సిస్కోలో పెళ్లి చేసుకున్నాడు. అదే ఏడాది అక్టోబరులో కూతురు పుట్టింది. తరువాత ఇంకో కూతురు. వెంటాడే పనికి ఊపిరి చాలక పెళ్లయిన కొద్ది నెలల్లోనే డిటెక్టివ్ ఉద్యోగం వదిలేశాడు.

రోజంతా పబ్లిక్ లైబ్రరీలో కూర్చుని చదవడం, రాత్రి ఎడీ స్ట్రీట్‌లోని చిన్న అద్దె ఇంట్లో రాయడం. దగ్గు ఎక్కువైన రోజుల్లో పిల్లలకు తగులుతుందని వేరే పక్క. చివరికి నర్సుల సలహా మీద భార్యాపిల్లలు వేరే ఇంట్లోనే ఉండాల్సి వచ్చింది. ఆ సంసారం మళ్లీ పూర్తిగా అతుక్కోలేదు.

అతని కథలు అచ్చయింది గరుకు కాగితం మీద, కళ్లు చెదిరే రంగుల అట్టతో వచ్చే చవక పత్రికల్లో. అమెరికన్లు పల్ప్ అనేవి ఇవే. మన రైల్వే స్టేషన్ బుక్ స్టాళ్లలో పాకెట్ పుస్తకాలు కొన్నవాళ్లకు ఈ సరుకు కొత్తకాదు. వీటిలో మేటి 'బ్లాక్ మాస్క్'. 1920లో హెచ్.ఎల్. మెంకెన్, జార్జ్ జీన్ నేథన్ దీన్ని పెట్టింది సాహిత్యం కోసం కాదు. తమ పెద్దింటి పత్రిక 'స్మార్ట్ సెట్' నష్టాలు పూడ్చుకోవడానికి. కొద్ది నెలలకే లాభానికి అమ్మేసి చేతులు దులుపుకున్నారు. ఆ గోనెసంచిలోంచి ఏం మొలకెత్తిందో వాళ్లు ఊహించి ఉండరు.

1923 అక్టోబరులో 'బ్లాక్ మాస్క్'లో ఒక కథ పడింది. ఊళ్లో ఇల్లు కాలింది, బీమా కంపెనీ తరఫున ఒక డిటెక్టివ్ విచారణకు వచ్చాడు. కథ చెప్పేది అతనే, కానీ పేరు చెప్పడు. కాంటినెంటల్ డిటెక్టివ్ ఏజెన్సీలో ఆపరేటివ్ అంటాడు. బాల్టిమోర్ భవనం పేరు ఇలా పనికొచ్చింది. అభిమానులకు అతను కాంటినెంటల్ ఆప్. మూడు డజన్ల దాకా కథలు, రెండు నవలలు అతని నోటిమీదుగా వచ్చాయి. ఒక్కచోటైనా అసలు పేరు జారలేదు. జేబులో రకరకాల పేర్లతో విజిటింగ్ కార్డులుంటాయి, అంతే.

ఆ తొలి ఆప్ కథకు రచయిత పేరు కూడా హామెట్ అని లేదు, పీటర్ కాలిన్సన్ అని ఉంది. దొంగల యాసలో 'పీటర్ కాలిన్స్' అంటే ఎవరూ కాని వాడు, అనామకుడు. కాలిన్సన్ అంటే అనామకుడి కొడుకు. పేరులేని రచయిత, పేరులేని నాయకుడు. కొత్త రచయితలు పేరు అచ్చులో చూసుకోవాలని తహతహలాడే వయసులో ఇతను ఇలా తనలో తాను నవ్వుకున్నాడు.

డబ్బు మాత్రం నవ్వులాట కాదు. మాటకు సెంటు చొప్పున వచ్చే సంపాదనతో ఇల్లు గడవక, పత్రికతో పేచీ పడి, 1926లో కథలు మానేసి ఆల్బర్ట్ శామ్యూల్స్ అనే నగల వ్యాపారి దగ్గర ప్రకటనలు రాసే ఉద్యోగంలో చేరాడు. జీతం బాగుంది. కొన్ని నెలలకే ఆఫీసులో రక్తం కక్కుకుని పడిపోయాడు. అదే ఏడాది చివర 'బ్లాక్ మాస్క్' సంపాదకుడిగా వచ్చిన జోసఫ్ షా అతన్ని వెతికి పిలిపించకపోతే ఈ సంచిక నేను రాసేవాణ్ణి కాను. షాకు డిటెక్టివ్ కథల గురించి పెద్దగా తెలియదు. పాత సంచికలు తిరగేస్తూ ఎవరు బాగా రాశారో చూశాడు, వాళ్లను పట్టుకున్నాడు. సంపాదకత్వం అంటే చాలావరకు ఇదే కదా.

అక్కడినుంచి అయిదేళ్లు హామెట్ కలం ఆగలేదు. తొలి నవల 'రెడ్ హార్వెస్ట్' 'బ్లాక్ మాస్క్'లో నాలుగు భాగాలుగా వచ్చి, 1929లో క్నాఫ్ సంస్థ ద్వారా పుస్తకమైంది. పర్సన్‌విల్ అనే గనుల ఊరు. జనం నోట్లో అది పాయిజన్‌విల్, అంటే విషపురి. సమ్మె విరగ్గొట్టడానికి గూండాలను దింపిన గని యజమాని, పని అయిపోయాక వాళ్లను వదిలించుకోలేక ఊరినే వాళ్ల చేతుల్లో పెట్టేశాడు. ఆప్ వచ్చి ఒక ముఠాను ఇంకో ముఠా మీదికి ఉసికొల్పుతాడు. శవాలు లెక్కపెట్టలేం. పాఠకుణ్ని నిజంగా భయపెట్టేది ఆ శవాలు కాదు. చంపించడం తనకు రుచిస్తోందని సగం నవలలో ఆప్‌కే అనుమానం మొదలవుతుంది. బ్యూట్‌ను మరిచిపోలేదన్నది ఇందుకే.

అదే ఏడాది వచ్చిన 'ద డేన్ కర్స్' గురించి చెప్పడానికి పెద్దగా లేదు. నగల వ్యాపారి శామ్యూల్స్‌కు అంకితమిచ్చాడు, అంత మేలు చేశాడు కనుక.

1930లో 'ద మాల్టీజ్ ఫాల్కన్'. పోస్ట్ స్ట్రీట్‌లో 891వ నంబరు భవనంలో చిన్న గదిలో ఉంటూ రాశాడు. నవలలో శామ్ స్పేడ్ కాపురముండేదీ అలాంటి గదిలోనే. ఈసారి హామెట్ తన డిటెక్టివ్‌కు పేరు పెట్టాడు, అదీ సొంత పేరు శామ్. అలా పేరు పెట్టాడు కానీ మనసు తాళం వేశాడు. నవల మొత్తంలో స్పేడ్ ఏమనుకుంటున్నాడో ఒక్క వాక్యం లేదు. భాగస్వామి హత్యకు గురయ్యాడని అర్ధరాత్రి ఫోను వస్తే, స్పేడ్ లేచి కూర్చుని సిగరెట్ చుట్టుకుంటాడు. పొగాకు కాగితంలో ఎలా పరుచుకుంది, వేళ్లు ఎలా కదిలాయి, ఎక్కడ తడిచేసి అంటించాడు, ఇవన్నీ తీరిగ్గా వర్ణించాడు రచయిత. బాధపడ్డాడా, సంతోషించాడా? మనమే తేల్చుకోవాలి. పింకర్టన్ రిపోర్టు సాహిత్యమైపోయిన క్షణం అది. ఇంతటి నిగ్రహం మన డిటెక్టివ్ నవలల్లో నేను ఎక్కడా చూడలేదు. మనవాళ్లకు నాయకుడి గుండె చప్పుడు వినిపించకపోతే తోచదు.

నల్ల రంగు పూసిన డేగ బొమ్మ, లోపల రత్నాలు, దానికోసం హత్యలు. ఈ కట్టుకథ వెనక కొంత నిజం ఉంది. 1530లో అయిదో చార్లెస్ చక్రవర్తి సెయింట్ జాన్ యోధులకు మాల్టా ద్వీపాన్ని ఇచ్చి, కప్పంగా ఏటా ఒక డేగను సమర్పిస్తే చాలన్నాడు. అది ప్రాణమున్న డేగ. బంగారు బొమ్మ హామెట్ పోత పోసింది.

నవల మధ్యలో కథకు ఏ సంబంధమూ లేని ఉపకథ ఒకటుంది. సినిమా తీసినవాళ్లు దాన్ని వదిలేశారు, చదివినవాళ్లు మాత్రం మిగతా అంతా మరిచిపోయినా దాన్ని మరిచిపోరు. టకోమాలో ఫ్లిట్‌క్రాఫ్ట్ అనే గృహస్థు మధ్యాహ్న భోజనానికి వెళ్తుంటే, కడుతున్న మేడ మీదనుంచి ఇనుప దూలం జారి పక్కనే పడుతుంది. చెంపకు చిన్న గీత తప్ప ఏమీ కాదు. కానీ పద్ధతిగా బతికే మనిషి కూడా దూలం పడితే పోతాడన్న సంగతి అతనికి తెలిసిపోయింది. ఆ నిమిషంలోనే భార్యనీ పిల్లల్నీ వ్యాపారాన్నీ వదిలి మాయమవుతాడు. కొన్నేళ్లకు స్పేడ్ అతన్ని స్పోకేన్‌లో కనిపెడతాడు. ఇంకో పేరు, ఇంకో భార్య, ఇంకో పసిబిడ్డ, అదే రకం ఇల్లు, అదే రకం సంసారం. దూలాలు పడతాయని దానికి తగ్గట్టు మారాడు, ఇక పడకపోయేసరికి అవి పడని లోకానికి తగ్గట్టు మళ్లీ మారిపోయాడు. తాను చేసింది పెద్ద వింత అని అతనికే అనిపించలేదు. టకోమా, స్పోకేన్ రెండూ హామెట్ జబ్బుపడి, ప్రేమించి, ఉద్యోగం చేసిన ఊళ్లు. నవలలో ఈ ఉపకథను చెప్పేది స్పేడే. వింటున్న స్త్రీ పట్టించుకోదు, అతను విడమరచి చెప్పడు.

ఆ నవలను భార్య జోసఫీన్‌కు అంకితమిచ్చాడు. అంకితమిచ్చే నాటికి కాపురం విడిపోయే ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో బరిట్ సందు మొదట్లో ఇప్పుడొక ఇత్తడి ఫలకం ఉంది, ఇక్కడే స్పేడ్ భాగస్వామి హతుడయ్యాడని. జరగని హత్యకు ఫలకం పెట్టారంటే ఆ నవల ఆ ఊరిని ఎంతగా పట్టుకుందో చూడండి. కష్టమేమిటంటే హంతకులెవరో కూడా ఆ ఫలకం మీదే చెక్కేశారు. నవల చదవనివాళ్లు ఆ సందులోకి పోకండి.

ఆ తరువాత 1931లో 'ద గ్లాస్ కీ', 1934లో 'ద థిన్ మాన్'. మధ్యలో హాలీవుడ్, కారు, జూదం, తాగుడు. 1930 చివర లాస్ ఏంజెలెస్‌లో లిలియన్ హెల్‌మన్ పరిచయమైంది, ముప్ఫయ్యేళ్లు సాగిన చిత్రమైన బంధం. ఎడిన్‌బరోలో వంద ఏళ్లనాటి ఒక నిజమైన కేసు చదివి, దీన్ని నాటకం చెయ్యమని ఆమెకు ఇచ్చింది హామెట్. అది 'ద చిల్డ్రన్స్ అవర్' అయి 1934లో బ్రాడ్‌వేను ఊపేసింది. చేతిలో డబ్బు నిండుకున్న రోజుల్లో నవలాకారుడు నెథనియెల్ వెస్ట్ మేనేజరుగా ఉన్న న్యూయార్క్ హోటల్లో మకాం వేసి 'ద థిన్ మాన్' పూర్తిచేశాడు. దాని సినిమా ఎంత ఆడిందంటే, కథలో 'సన్నటి మనిషి' వేరొకడైతే, జనం డిటెక్టివ్ నిక్ చార్లెస్‌నే ఆ పేరుతో పిలవడం మొదలుపెట్టారు. సినిమావాళ్లు దిద్దలేదు, వరసగా ఆరు తీశారు.

ఆ పుస్తకం తరువాత ఇరవయ్యేడేళ్లు బతికాడు. ఇంకొక్క నవల ప్రచురించలేదు. తాగుడన్నారు, జబ్బన్నారు, డబ్బు చేరి ఆకలి చచ్చిందన్నారు. రాసిందే మళ్లీ రాస్తున్నానని గమనించి ఆపేశానని అతనొకసారి అన్నాడు. ఈ మాటే నాకు నమ్మాలనిపిస్తుంది.

ముప్ఫయ్యో దశకం నడిమికి వామపక్ష రాజకీయాల్లోకి దిగి, కమ్యూనిస్టు పార్టీకి దగ్గరయ్యాడు. సమ్మెలు విరగ్గొట్టే సంస్థలో జీతం తీసుకున్నవాడు ఇలా తిరగడం వెనక బ్యూట్ ఉందని ఊహించడం తేలిక. అతను మాత్రం ఎక్కడా వివరణ ఇచ్చుకోలేదు. 1942లో 48 ఏళ్ల వయసులో, క్షయ మచ్చలున్న ఊపిరితిత్తులతో, సాధారణ సిపాయిగా మళ్లీ సైన్యంలో చేరాడు. అలాస్కాకు అవతల మంచుగాలుల అల్యూషియన్ దీవుల్లో, అడక్ అనే చోట 'ది అడకియన్' అనే దినపత్రిక నడిపాడు. సైన్యంలో నల్లవాళ్లకూ తెల్లవాళ్లకూ పంక్తులు వేరుగా ఉన్న ఆ కాలంలో అతని పత్రికలో ఇద్దరూ ఒకే బల్ల దగ్గర పనిచేశారు. కుర్ర సిపాయిలు అతన్ని 'పాప్' అని పిలిచేవారు. అతని జీవితంలో సుఖంగా గడిచిన కాలం అదేనేమో.

యుద్ధం ముగిసింది, గాలి మారింది. హామెట్ న్యూయార్క్‌లో సివిల్ రైట్స్ కాంగ్రెస్ అధ్యక్షుడయ్యాడు. రాజకీయ కేసుల్లో ఇరుక్కున్నవాళ్లకు జామీను కట్టడానికి ఆ సంస్థకో నిధి ఉంది. 1949లో ప్రభుత్వాన్ని కూలదోయాలని బోధించారన్న నేరం మీద పదకొండుమంది కమ్యూనిస్టు నాయకులకు శిక్షలు పడితే, అప్పీలు తేలేదాకా 2,60,000 డాలర్ల జామీను ఈ నిధే కట్టింది. 1951 జూన్‌లో సుప్రీంకోర్టు శిక్షలు ఖాయం చేసింది. జూలై మొదట్లో లొంగిపోవాల్సిన రోజున నలుగురు రాలేదు. ప్రభుత్వం నిధి ట్రస్టీల మీద పడింది.

మళ్లీ ఆ కోర్టుకు వచ్చాం. నిధికి డబ్బిచ్చినవాళ్ల పేర్లలో ఒక్కటి కూడా హామెట్‌కు తెలియదనీ, నిధి ఆఫీసు గడప కూడా తొక్కలేదనీ హెల్‌మన్ తరువాత రాసింది. అదే నిజమైతే, తెలియదు అన్న ఒక్క మాటతో బయటపడేవాడు. ఆ మాట అనలేదు. ప్రజాస్వామ్యం అంటే ఏమిటో పోలీసులూ జడ్జీలూ నాకు చెప్పాల్సిన పని లేదు అన్నట్టు ఆమెతో అన్నాడట. ఇదీ ఆమె మాటే. కానీ కోర్టు రికార్డు మన దగ్గర ఉంది, అందులో అతను ఏం చెప్పలేదో స్పష్టంగా ఉంది. ఒక రకంగా ఇది అతను రాసిన ఆరో పుస్తకం.

కెంటకీ రాష్ట్రం ఆష్‌లండ్ జైల్లో కక్కసుదొడ్లు కడిగే పని ఇచ్చారు. అది బాగానే నేర్చుకున్నానని తరువాత హాస్యమాడేవాడట. సత్ప్రవర్తనకు కొన్ని రోజులు తగ్గించి డిసెంబరు 9న వదిలారు. బయటికొచ్చేసరికి శామ్ స్పేడ్ పాత్రతో వచ్చే రేడియో నాటికలు ఆగిపోయాయి, ఆదాయపు పన్నువాళ్లు లక్ష డాలర్లు దాటిన బకాయికి వచ్చే ప్రతి పైసా పట్టేశారు.

1953 మార్చిలో సెనేటర్ జోసఫ్ మెకార్తీ పిలిచాడు. విదేశాల్లోని అమెరికా ప్రభుత్వ గ్రంథాలయాల్లో ఇతని పుస్తకాలున్నాయని అభ్యంతరం. మన పెద్దతరం పాఠకులు మద్రాసులో యూసిస్ లైబ్రరీ అని పిలుచుకున్నది ఆ కుటుంబంలోదే. మీరే కమ్యూనిజంతో పోరాడుతుంటే కమ్యూనిస్టుల పుస్తకాలు కొని జనానికి పంచుతారా అని మెకార్తీ అడిగాడు. నేనే పోరాడుతుంటే జనానికి ఏ పుస్తకాలూ ఇవ్వకుండా ఉండేవాణ్ణేమో అన్నాడు హామెట్. పుస్తకాలు బల్లల మీదనుంచి తీసేశారు. తానైతే తీసేవాణ్ణి కానన్నట్టు అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ మాట్లాడాక మళ్లీ పెట్టారు.

చివరి సంవత్సరాలు న్యూయార్క్‌కు ఉత్తరాన కటోనాలో ఒక స్నేహితుడి తోటలో, చిన్న ఇంట్లో గడిచాయి. 'ట్యూలిప్' అని ఒక నవల మొదలుపెట్టి వదిలేశాడు. 1957లో ఒక విలేకరి వెతుక్కుంటూ వెళ్లి, మూడు టైపు మిషన్లు ఎందుకు ఉంచుకున్నారని అడిగితే, ఒకప్పుడు రచయితనని గుర్తుండటానికి అన్నాడు. నడవలేని స్థితికి వచ్చాక హెల్‌మన్ తన ఇంటికి తీసుకుపోయింది. 1961 జనవరి 10న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు.

రెండు ప్రపంచ యుద్ధాల్లో పనిచేసిన సైనికుడు కనుక వాషింగ్టన్ పక్కన ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానంలో ఖననం చేశారు. వరసలో ఒక తెల్లరాయి. దాని మీద రాష్ట్రం, సైన్యంలో హోదా, రెండు యుద్ధాలు, రెండు తేదీలు ఉన్నాయి. పుస్తకాల అట్టల మీది పేరు లేదు. శామ్యూల్ డి. హామెట్ అని ఉంది.

(సశేషం)